కనుమమ్మ పల్లకీ ముందు కొమ్ము

ఒకానొక రాజ్యంలో రాజు నిట్టూర్చడం మొదలుపెట్టాడు. సభలో అందరికీ భయం పట్టుకుంది.

ఆ రాజ్యం పేరు మేరుకోట. చుట్టుపక్కల చిన్న రాజ్యాలన్నిటికీ అదే పెద్దదిక్కు. కనుమలో దొంగలు పడితే మేరుకోట సైన్యమే వెళ్లాలి. ఇద్దరు రాజులు ఏటి నీళ్ల కోసం కొట్టుకుంటే మేరుకోటే తీర్పు చెప్పాలి. రాజు విజయకేతనుడికి ఆ పెద్దరికం అంటే ప్రాణం. దాన్ని మోయలేకపోతున్నానని చెప్పుకోవడం అంతకంటే ఇష్టం.

"లోకం బరువంతా నా భుజాల మీదే ఉంది," అన్నాడు ఒకనాడు కొలువులో. "ఇంకా మొయ్యమంటారా, దించెయ్యమంటారా? దాచుకోకుండా చెప్పండి."

దాచుకోకుండా చెప్పమన్నాడంటే ఆయనే ఏదో దాచాడని సభికులు నేల చూపులు చూశారు. సేనాపతి మాచిరాజు మాత్రం తెగించాడు.

"దించెయ్యండి ప్రభూ! మన బిడ్డలు పరాయి కనుమల్లో ఎందుకు చావాలి?"

రాజు కళ్లు చిన్నవయ్యాయి. "నా పెద్దరికం పోతే నీకేం లాభం? పక్క రాజ్యం నల్లమిట్ట వాళ్లు లంచం ఏమైనా పంపించారా?"

సాయంత్రానికి మాచిరాజు పదవి ఊడింది.

మర్నాడు ప్రధాని అనంతశర్మ జాగ్రత్తపడ్డాడు. "తమరు కాక ఇంకెవరున్నారు ప్రభూ? మొయ్యక తప్పదు."

"అంటే నేను నలిగి చచ్చినా నీకు ఫరవాలేదన్నమాట!"

ఆయన పదవీ ఊడింది.

మూడో రోజు వంతు పోలనది. మాటకారిగా కొలువులో పేరున్నవాడు. అతన్ని రాజు నవ్వుతూ అడిగాడు. ఆ నవ్వే పోలనకు నచ్చలేదు.

"కనుమమ్మ జాతరనాడు చెబుతాను ప్రభూ. కానీ ఆ రోజు తమరికి భుజం నొప్పి రావాలి."

"నాకెందుకొస్తుంది?"

"లోకాన్ని మోసే భుజానికి రాకపోతేనే జనం అనుమానిస్తారు."

రాజు అతన్ని ఎగాదిగా చూశాడు. "సరే. నీ జవాబు నచ్చకపోతే మాత్రం, వాళ్లిద్దరికీ పదవే పోయింది, నీకు ఊరు కూడా పోతుంది."

కనుమమ్మ గుడి సరిహద్దు కొండ మీద ఉంది. జాతరనాడు కొండ కింద నుంచి గుడికి ఎక్కి మళ్లీ దిగే అమ్మవారి పల్లకీని బోయీలు ముట్టుకోరు. రాజులే మొయ్యాలి. పల్లకీ బొంగు ముందు కొమ్ము మేరుకోట రాజుది, వెనక కొమ్ము చిన్న రాజులది. ముందు కొమ్ము పట్టినవాడి తలకే పూజారి అమ్మవారి పట్టుగుడ్డ చుడతాడు. తరతరాలుగా ఆ గుడ్డ మరో తలకు ఎక్కలేదు.

ఆ ఏడు విజయకేతనుడు భుజానికి కట్టు కట్టించుకుని పందిట్లో కూర్చున్నాడు. "చూస్తూ ఉండు, అందరూ వచ్చి కాళ్లు పట్టుకుంటారు," అన్నాడు పోలనతో.

ఎవరూ రాలేదు. నల్లమిట్ట రాజు ముందు కొమ్ము వైపు ఒక అడుగు వేశాడు. చిట్టేరు రాజు అడ్డుపడ్డాడు. అందరిలోకీ ముసలివాడాయన.

"ఆగవయ్యా! ఇవాళ ముందు నిలబడతావు, రేపు ఏటి తూము కూడా నాదేనంటావు."

"నువ్వు నిలబడితే అనవా ఏం?"

పల్లకీ ఎండలోనే ఉండిపోయింది. రాజు మీసం దువ్వుకున్నాడు. "చూశావా? నేను లేకపోతే అంగుళం కదలదు."

"నిజమే ప్రభూ. ఇంకాస్త చూద్దాం."

ఎండ ముదిరింది. చివరికి చిట్టేరు రాజే మెత్తబడ్డాడు. "అమ్మవారు మాడిపోతోందయ్యా. నీ మీద నాకు నమ్మకం లేదు, నా మీద నీకూ లేదు. మలుపు మలుపుకీ మారదాం. మొదట నువ్వే పట్టు."

నల్లమిట్ట రాజు ముందు కొమ్ము ఎత్తాడు. పల్లకీ తూలింది కానీ లేచింది. పూజారి పట్టుగుడ్డ విప్పి అతని తల వైపు చెయ్యి చాచాడు.

"ఆగండి! అది నా చోటు!" కట్టు ఊడదీసి పారేసి, విజయకేతనుడు పరుగున వెళ్లి కొమ్ము లాక్కున్నాడు.

"భుజం నొప్పో, ప్రభూ?" వెనకే వచ్చిన పోలన అడిగాడు.

"తగ్గింది!"

"బరువైతే ఎవరైనా అందుకోగానే హమ్మయ్య అనుకుంటాం. పరుగెత్తి లాక్కున్నదాన్ని బరువంటారా?"

రాజు మొహం ఎర్రబడింది. అయినా పోలన ఆగలేదు. "పోనీ, ఒక్క మలుపు వెనక కొమ్ము పట్టి చూడండి. అప్పుడు జవాబు చెబుతాను."

జనమంతా చూస్తున్నారు. రాజు ముందు కొమ్ము నల్లమిట్ట రాజుకు వదిలి, పళ్లు నూరుతూ వెనక్కి వెళ్లాడు. మలుపు తిరిగేసరికి చెమటతో తడిసిపోయాడు.

"ఏమిటీ బరువు? నా మీద కక్షతో లోపల రాళ్లు పెట్టారా?"

తెర తీసి చూపించారు. లోపల అమ్మవారు తప్ప ఏమీ లేదు.

"ఎక్కుడు దారి కదా మహారాజా, బరువు వెనక్కి జారుతుంది," అన్నాడు చిట్టేరు రాజు. "మా తాతల నాటి నుంచీ ఇంతే. చెబితే తమరికి కోపం వస్తుందని చెప్పలేదు."

రాజు రొప్పుతూ పోలన వైపు తిరిగాడు. "జవాబు?"

"బోయీలు పల్లకీని నడిదారిలో దించరు ప్రభూ. అలాగని ఒకడే ఊరు దాటేదాకా మొయ్యడు. భుజం మార్చుకుంటారు. కొమ్ముతో పాటు పట్టుగుడ్డా మారాలి. మొయ్యాలా దించాలా అని సింహాసనం మీద కూర్చుని అడిగేవాడు ఇంకా మొయ్యడం మొదలుపెట్టలేదన్నమాట."

రాజు భుజం తడుముకున్నాడు. ఈసారి నిజంగానే నొప్పిగా ఉంది. పట్టుగుడ్డ నల్లమిట్ట రాజుకే చుట్టమని పూజారికి సైగ చేశాడు. కొండెక్కేదాకా భుజాలు మారుతూనే ఉన్నాయి.

గుడి ముందు రాజు తన ముత్యాలహారం తీసి పోలన మెడలో వేశాడు. మాచిరాజునీ అనంతశర్మనీ వెనక్కి పిలిపిస్తానన్నాడు. తరవాత పోలన చెవిలో గుసగుసగా అడిగాడు: "దిగేటప్పుడు బరువు ఎటు జారుతుంది?"

"ముందుకు ప్రభూ."

రాజు గొంతు సవరించుకుని గట్టిగా అన్నాడు, "దిగేటప్పుడు ముందు కొమ్ము గౌరవం పూర్తిగా చిట్టేరు వారిదే!"

చిట్టేరు రాజు కదల్లేదు. "అంత గౌరవం మేం తట్టుకోలేం మహారాజా. దిగేటప్పుడూ మలుపు మలుపుకీ మారదాం."

విజయకేతనుడు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ముందుకు నడిచి, మొదటి మలుపు తనే పట్టాడు.