ఇటుక పొడి

వేటపాలెంలో అంకయ్య అనే సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. ఊపిరి పట్టడంలో ఎంత గట్టివాడో, మంచి మాట చెవిన పెట్టకపోవడంలోనూ అంత గట్టివాడు.

ఆయన రోజూ ఇటుక పొడితో పళ్ళు తోమేవాడు. ఆ రోజుల్లో ఏ ఇంట చూసినా బొగ్గో, కచ్చికో, ఉప్పో ఉండేదనుకోండి, వేపపుల్ల సంగతి సరేసరి. కానీ అంకయ్య తోముడు వేరు. ఇత్తడి చెంబు తోమినట్టు తోమేవాడు. "నలుగురిలో కూర్చుని ఊదేవాణ్ణి, పళ్ళు తళతళలాడాలి" అనేవాడు.

కొన్నాళ్ళకు చన్నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనసాగాయి. చిగుళ్ళ వెంట రక్తం కారేది. బుగ్గన లవంగం పెట్టుకుని ఎలాగో కచేరీ కానిచ్చేవాడు.

"పళ్ళ డాక్టరుకి చూపించుకోరాదూ?" అంది భార్య మాణిక్యం.

"వాళ్ళు గార గీకారంటే ఉన్న పళ్ళు కాస్తా కదిలిపోతాయే!"

"మీరు గీకుతున్నది చాలదూ? పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు. మీకు ఇటుకరాయి దొరికింది!"

అంకయ్య నవ్వేసి, మర్నాడు ఇంకాస్త గట్టిగా తోమాడు.

ఇంతలో ఆయన గురువు కోటిలింగంగారు మంచం పట్టారు. ఆయనకు చూపు ఎప్పుడో పోయింది, చెవులు మాత్రం చురుకు. "అంకడి నీలాంబరి రాగం ఒక్కసారి విని పోవాలనుంది" అని కబురు చేశారు.

అంకయ్య పరుగున వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. సన్నాయి పీకను పెదాల మధ్య బిగించాడు. ఎన్నాళ్ళనుంచో ఊగుతున్న ముందుపళ్ళు రెండూ లోపలికి ఒరిగిపోయాయి. నీలాంబరి రాలేదు. తుస్సుమని గాలి వచ్చింది.

"ఇంకా శ్రుతి చూసుకుంటున్నావట్రా?" అన్నారు గురువుగారు నవ్వుతూ. "కానీ, కానీ. తొందరేం లేదు."

నోటినిండా రక్తం. అంకయ్య కండువా నోటికి అదుముకున్నాడు. ముసలాయన అటే చెవి ఒగ్గి, అలాగే నిద్రపోయారు. తెల్లవారి లేవలేదు.

దినాలు అయ్యాక అంకయ్య డాక్టరు దగ్గరకు వెళ్ళాడు.

"గార తీస్తే పళ్ళు కదలవండీ" అన్నాడు డాక్టరు. "ఆ గారే మీ చిగుళ్ళను తినేసింది. ఇటుక పొడి పంటి పైపొరను అరగదీసింది. జివ్వుమన్న రోజే రావలసింది."

కట్టుడు పళ్ళు వచ్చాయి. మళ్ళీ మొదటినుంచి సాధన చేస్తే, నీలాంబరి కూడా వచ్చింది. ఏటా గురువుగారి తద్దినం నాడు ఆ ఖాళీ మంచం పక్కనే కూర్చుని ఊదేవాడు. అందరూ బాగుందనేవారు. వినవలసిన చెవి మాత్రం లేదు.

ఒళ్ళు మెల్లగా హెచ్చరించినప్పుడే వినాలి. అలక్ష్యం చేస్తే, పోయిన పన్నుకు మారు పన్ను దొరుకుతుందేమో గాని పోయిన ఘడియకు మారు దొరకదు.