పులుసునీళ్ళ తొట్టిలో దొంగ

ఆ మూల గుసగుసలేంటర్రా? నా డబ్బాలో బెల్లం ముక్కొకటి మాయమైంది. తీసిందెవరో కథయ్యేలోపు తేలుస్తాను. ఊఁ కొట్టండి.

అనగనగా ఒక ఊళ్ళో ఓ కంచరి ఇల్లు. వీరాంబ అత్త, కామాక్షి కోడలు. కొడుకు రాగిని కొలిమిలో కాల్చి బిందెలు కొడితే, నల్లబడ్డ ఆ బిందెల్ని కోడలు చింతపండు పులుసునీళ్ళ తొట్టిలో నానేసి తళతళలాడించేది. అత్త ఉందే, పరమ పిసినారి. ఏడాదైనా ఆ నీళ్ళు పారబోయనిచ్చేది కాదు. పైగా అనుమానం పుట్ట. తోమకముందు తూచేది, తోమాక తూచేది. బిందె తగ్గింది, చెంబు తగ్గింది, గంగాళం తగ్గింది. ఇంకెవరు, కోడలే గీకి పుట్టింటికి చేరేస్తోందని తేల్చేసింది. సాయంత్రానికి బండి కట్టిస్తాను, మూటాముల్లే సర్దుకోమంది. పాపం, ఆ పిల్లకి ఏడో నెల. ఊఁ కొడుతున్నారా? మూతి తుడుచుకుంటున్నదెవరూ?

కామాక్షి బాగా ఏడ్చింది. ఏడ్చి ఊరుకోలా. ఆమె అనుమానం తొట్టి మీదకి పోయింది. తేటగా పోసిన నీళ్ళు నీలంగా ఎందుకు తిరిగాయి? మొన్న అందులో పడ్డ ఇనపమేకు రాగిలా ఎర్రగా ఎందుకు మారింది? విరిగిన కొడవలొకటి తొట్టిలో వేసి, మూతపెట్టి, ఆ మూత మీద అత్తనే కూర్చోమంది. తన మీద నమ్మకం లేదు కదా మరి! అత్త పొద్దుటినుంచీ అక్కడే కూర్చుంది. అన్నమూ అక్కడే తింది.

పొద్దువాలాక మూత తీస్తే ఏముంది? కొడవలి సన్నబడింది, దాని ఒళ్ళంతా రాగి పట్టింది, నీళ్ళ నీలం వెలిసిపోయింది. అత్త దెయ్యం దెయ్యమని కేకలేసింది. దెయ్యం కాదత్తా, మారకం అంది కోడలు. బిందెల మీది నలుపుని పులుపు కరిగిస్తే, అందులోని రాగి నీళ్ళలోకి దిగి ఉత్త చేతుల్తో తిరుగుతుంటుందిట. ఇనుము తన దగ్గరున్న రెండు మెరుపురవ్వలూ దాని చేతిలో పెట్టి, తను నీళ్ళలోకి దిగిపోతుందిట. రాగి బయటికొస్తుందిట. రెండిస్తే రెండే పుచ్చుకోవాలి. ఒకటి మిగలకూడదు, ఒకటి తగ్గకూడదు.

బిందెలో తగ్గిందంతా తొట్టిలోనే ఉంది. తను పారబోయనివ్వని నీళ్ళలోనే! అత్తకి తల కొట్టేసినట్టయింది. కోడలి చేతిలో మూట లాక్కుని, బండి వెనక్కి పంపేసింది. ఆనక మనవరాలు పుడితే రాగి గంగాళంలోనే నీళ్ళు పోసింది.

అందుకే, ఒకచోట తగ్గిందంటే ఇంకోచోట చేరే ఉంటుంది. మనిషి మీద పడేముందు ఆ చోటు వెతుక్కోవాలి.

సరే, నా బెల్లం... ఇదేంటి, నా కొంగున ఈ ముడేంటర్రా? నా మతి మండా! నేనే కట్టుకున్నాను. చాల్లే నవ్వింది, నోళ్ళు తెరవండి. కథ కంచికి, బెల్లం మీ నోటికి.