గోడ దగ్గరి టైర్లు

సన్యాసయ్య మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. చేతిలో ఒక పని పెడతారు. ఆ పని అయ్యేలోపు అడిగిన ప్రశ్న మనకే మరోలా కనిపిస్తుంది, లేదా ఎందుకు అడిగామా అని సిగ్గు వేస్తుంది. ఒకప్పుడు ఆయన సైకిల్ పందేలకు కుర్రాళ్లను తయారుచేసేవారు. నేను చేరేసరికి అదంతా మానేసి, విశాఖపట్నంలో కొండవాలు మీది ఒక సందులో, రేకుల షెడ్డులో సైకిళ్లు బాగుచేస్తున్నారు.

పనిలో చేరిన పద్నాలుగో నెలలో నేను అడిగాను. "మాస్టారూ, సొంతంగా షాపు పెట్టుకోవాలంటే నేనింకా ఏం నేర్చుకోవాలి?"

అడగడం పేరుకే. గాజువాకలో గది చూసుకున్నాను. బోర్డు మీద పేరు ఏ రంగులో రాయించాలో కూడా అనుకున్నాను. చక్రానికి పుల్లలు అల్లడం నలభై నిమిషాల నుంచి పద్దెనిమిదికి తెచ్చాను. ఏ సైకిలైనా పళ్లచక్రాల పళ్లు లెక్కపెట్టి, పెడలు ఒక చుట్టు తిరిగితే ఎన్ని మీటర్లు పోతుందో నోటితో చెప్పగలను.

మాస్టారు ముందురోజు చంద్రకళక్క తెచ్చిపెట్టిన ఫ్రేము వైపు చెయ్యి చూపించారు. "దాన్ని ఫిక్స్‌డ్ చెయ్యి. ఆదివారం పొద్దున్న ఆమెను రమ్మన్నాను."

చంద్రకళక్క పెందుర్తి వైపు ఒక స్కూల్లో వ్యాయామం టీచరు. ఆ ఫ్రేము వాళ్ల అన్నయ్య గవర్రాజుది. పాత అల్యూమినియం రేసు సైకిలు. చక్రాలు లేవు, గేర్లు అతనే ఎప్పుడో పీకేశాడు. తొమ్మిదేళ్ల కిందట దాని మీద వెళుతూనే, మా సందు దిగువ మలుపులో లారీ కింద పడి చనిపోయాడు. సైకిలు పక్కకి ఎగిరిపడి ఫ్రేము మిగిలింది. బ్రేకులు లేని సైకిలు ఎక్కాడని అందరూ అన్నారట. ఇప్పుడు అక్క ట్రాక్ పందేల ఎంపికకి వెళ్లాలనుకుంటోంది.

"కొత్తది చూసుకోవచ్చు కదమ్మా," అన్నారు మాస్టారు, ఆమె ఫ్రేము తెచ్చిన రోజు.

"అన్నయ్యది ఉండగా ఇంకోటి ఎక్కబుద్ధి కాదు మాస్టారూ," అంది.

ఆయన ఫ్రేము అందుకున్నారు గానీ ఆమె ముఖం చూడలేదు.

ఫిక్స్‌డ్ అంటే పెద్ద కిటుకేం కాదు. మామూలు సైకిలుకి వెనకచక్రంలో ఫ్రీవీల్ ఉంటుంది, తొక్కడం మానేసినా బండి దొర్లుతుంది. దాన్ని తీసేసి, చక్రంతోపాటే తిరిగే పళ్లచక్రం బిగిస్తారు. ఇక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఆపాలంటే కాళ్లతో వెనక్కి నొక్కి ఆపాలి. ట్రాక్ పందేల్లో ఇలాంటివే తొక్కుతారు.

నేను రెండు రోజుల్లో ముగించాను. ముందు నలభై ఆరు పళ్లు, వెనక పదిహేడు. ఒక చుట్టుకి అయిదు మీటర్ల అరవై ఎనిమిది సెంటీమీటర్లు. నిమిషానికి తొంభై చుట్లు తొక్కితే గంటకి ముప్ఫై కిలోమీటర్ల పైమాటే. చైను ముందూ వెనకా ఒకే గీత మీద నడిచేలా పల్చటి వాషర్లు వేసి సరిచేశాను. వెనకచక్రం మాత్రం షెడ్డు మూలన పడివున్నది తీసుకున్నాను. దాని నడుమనుండే హబ్బు ఫ్రీవీల్ కోసం చేసింది. మరలు రెండింటికీ ఒకటే కాబట్టి పళ్లచక్రం దాని మీద చక్కగా ఎక్కింది. జిగురు పూసి, బారు పానా పెట్టి, ఉన్న బలమంతా వేసి బిగించాను. తొక్కేకొద్దీ అది ఇంకా బిగుస్తుందని నాకు తెలుసు. లెక్కలన్నీ ఒక కాయితం మీద రాసి మాస్టారికి ఇచ్చాను.

ఆయన చివరిదాకా చదివారు. "లెక్కలో తప్పేం లేదు," అన్నారు. నేను పొంగిపోయాను. తర్వాత ఆయన చాలాసేపు ఫ్రేము అతుకుల మీద గోరు నడుపుతూ కూర్చున్నారు. "ఇనుమైతే వంగి చెబుతుంది. ఇది చెప్పకుండానే విరుగుతుంది," అన్నారు. నాతో కాదు.

ఆదివారం నేను వచ్చేసరికి పెరటిగోడకి ఆనించి పాత టైర్లు గుట్టగా వేసి ఉన్నాయి. డెబ్భై ఏళ్ల మనిషి ఒక్కరే మోసినట్టున్నారు. షెడ్డు సర్దుతున్నారేమో అనుకున్నాను. చంద్రకళక్క వస్తూనే సైకిలు పట్టుకోబోయింది.

"నువ్వు కాదమ్మా. కట్టినవాడు ఎక్కుతాడు." నా వైపు తిరిగి, "గోడ దాకా వెళ్లి కాళ్లతో ఆపు," అన్నారు.

"గోడ దాకానా? కింద రోడ్డుకి వెళ్లొస్తాను మాస్టారూ. వాలులో చూస్తే కదా తెలిసేది."

"నీలాంటి లెక్కల వీరుడికి నలభై అంగలు చాల్లే."

అక్క నవ్వింది. "దాన్ని విరగ్గొట్టకు తమ్ముడూ, నాకు పందెం ఉంది."

మొదటిసారి ఆగాను. రెండోసారీ ఆగాను. మూడోసారి వేగం పెంచి, గోడ ఇంకా పది అంగలుందనగా వెనక్కి నొక్కాను. ఎక్కడో టక్కుమంది. కాళ్లు ఒక్కసారిగా తేలికైపోయాయి. పెడళ్లు వట్టిగా వెనక్కి తిరిగాయి, బండి మాత్రం ముందుకే పోయింది. టైర్ల గుట్టలో పడ్డాను. మోచెయ్యి గీసుకుంది, అంతే.

ముందుకి తొక్కితే బిగిసే మర, వెనక్కి నొక్కితే విప్పుకుంటుంది. నా కాయితం మీద వెళ్లడానికి పదకొండు లెక్కలున్నాయి. ఆగడానికి ఒక్కటీ లేదు.

చంద్రకళక్క నన్ను లేపలేదు. వంగి, వదులైన పళ్లచక్రాన్ని వేలితో కదిపింది. అది సులువుగా తిరిగింది.

"అన్నయ్యకీ ఇలాగే ఊడిందా మాస్టారూ?"

"ఇలాగే."

"బ్రేకు లేకే అన్నారు అందరూ."

"అన్నారు. నేనూ అననిచ్చాను."

ఆమె అడక్కపోయినా మాస్టారు గోడవైపు చూస్తూ చెప్పారు. "వాడూ ఇక్కడే పని నేర్చుకుని, షాపు పెడతానన్నాడు. ఇంకా ఏం నేర్చుకోవాలని అడిగాడు. ఇంకేం లేదు, వెళ్లు అన్నాను. వాడు కట్టిన చక్రానికీ ఇలాంటి హబ్బే ఉండటం నా కంట పడింది అమ్మా. ఇంత తెలివైనవాడు చూసుకోకుండా ఉంటాడా అనుకున్నాను."

అక్క ఒక టైరు మీద కూర్చుని చేతికంటిన జిడ్డు ట్రాక్ ప్యాంటుకి తుడుచుకుంది. తుడుస్తూనే ఉంది. చివరికి, "సరిగ్గా చేసివ్వండి," అంది. "ఈ ఫ్రేమే."

సరైన హబ్బు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. దానికి పళ్లచక్రపు మర పక్కనే, బయటివైపు, రెండో మర ఉంటుంది, ఎదురు దిక్కున తిరిగేది. దాని మీద ఒక రింగు బిగిస్తే, మొదటిది విప్పుకోబోయినప్పుడు రెండోది పట్టుకుంటుంది. అది నేను బిగించాను. ముందు బ్రేకు మాస్టారే బిగించారు. పెరట్లో రెండువందల సార్లు తొక్కి, రెండువందల సార్లు ఆపాను. పళ్లచక్రం కదల్లేదు. షాపు మాట మళ్లీ ఎత్తలేదు.

చంద్రకళక్క వచ్చి సైకిలెక్కింది. మాస్టారు సీటు మీద చెయ్యి వేసి ఒక క్షణం ఉంచారు, తర్వాత తీసేశారు. ఆమె వాలులో నెమ్మదిగా, కాళ్లతో ఆపుకుంటూ దిగింది. మలుపు దగ్గర వీపు ఒకసారి కనిపించి, కనబడకుండా పోయింది. కింది రోడ్డు మీద లారీల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఊరికే నిలబడలేక పెరట్లోకి వెళ్లి రెండు టైర్లు భుజాన వేసుకున్నాను. "వీటిని లోపల పెట్టెయ్యనా మాస్టారూ?"

ఆయన మలుపు వైపే చూస్తున్నారు.

"ఆమె తిరిగి రానీ," అన్నారు.