మేకొదిన ఖాళీ బుర్రలు

వాగు మధ్యలో ఒక గడ్డి దిబ్బ ఉంది. ఒడ్డున ఉండే జంతువులు పొద్దున్నే మోకాలి లోతు నీళ్లలో నడిచి దిబ్బ మీదికి మేతకి పోయి, పొద్దు వాలకముందే ఇళ్లకొచ్చేవి. కోడీ కుందేలూ మాత్రం మేక వీపెక్కి వచ్చేవి.

పోయిన వానాకాలం వాగు ఉన్నట్టుండి పొంగి, మూడు రోజులు ఎవరూ ఇల్లు చేరలేదు. అప్పటికి చుక్కల మేకకి పిల్ల లేదు. ఇప్పుడుంది. ఇరవై రోజుల పిల్ల, ఇంకా గడ్డి కొరకడం రాదు. తల్లి వచ్చేదాకా పాకలో గుమ్మం వైపే చూస్తూ ఉంటుంది.

"ఈసారి ఎవరి మూట వాళ్లు ముందే కట్టి తుమ్మచెట్టు కింద పెట్టుకుందాం. వాగొస్తే ఆ మూటే మనల్ని ఇల్లు చేర్చాలి," అంది కోడి.

"మూటలకి కాపలా నేనుంటాలే," అంది నక్క. "కాస్త బరువుగా కట్టండర్రా. ఆపదలో ఆకలెక్కువ."

కోడి నూకలు కట్టింది. కుందేలు వేరుశనక్కాయలు కట్టి, చాలవేమోనని మళ్లీ విప్పి ఇంకాసిని కుక్కింది. మేక మూట మాత్రం గాలికి ఊగుతోంది. నక్క విప్పి చూస్తే మూడు ఎండు సొరకాయ బుర్రలు, ఒక తాడు.

"ఏం మేకొదినా, ఖాళీ బుర్రకి ఖాళీ బుర్రలే తోచాయా?"

అందరూ నవ్వారు. మేకకి సిగ్గేసి తల దించుకుంది.

"రైతు పిల్లలు ఇవి నడుముకి కట్టుకునే ఈత నేర్చుకుంటారు మరిదీ. నేను చూశాను."

"మరి తిండో?"

"తిండి నాతోనే ఉంటుంది," అని ఊరుకుంది. పొదుగు సంగతి నలుగురిలో ఏం చెబుతుంది.

ఒక మధ్యాహ్నం, పైనెక్కడో కురిసిన వానకి వాగు ఎర్రగా దిగింది. చూస్తుండగానే నడిచొచ్చే దారి మునిగిపోయింది. కుందేలు మూట ఎత్తబోతే కదల్లేదు.

"వదిలేయండర్రా, ప్రాణాలు ముఖ్యం. మూటలు నేను తెస్తాగా," అంది నక్క, ఎంతో దయగా.

అవతలి ఒడ్డు నుంచి సన్నటి అరుపు వినిపించింది. పిల్లదే. మేకకి పొదుగు బిగిసి సలుపుతోంది. ఇక సిగ్గు పడలేదు.

"కుందేలూ, రెండు బుర్రలు నా డొక్కలకి చెరోపక్కా కట్టు. పళ్లతో లాగి ముడెయ్యి. అయ్యాక నువ్వూ కోడక్కా వీపెక్కండి."

మూడో బుర్రని మూతితో నక్క ముందుకి దొర్లించింది.

"ఇది నీకు మరిదీ. గట్టిగా వాటేసుకుని వచ్చెయ్. ఖాళీగానే ఉండనియ్యి."

మేక నీళ్లలో దిగింది. వాగు ఎంత లాగినా బుర్రలు ముగ్గుర్నీ పైనే ఉంచాయి. పిల్ల అరుపు వినిపించే వైపే ఈదుకుంటూ పోయి ఒడ్డెక్కింది.

నక్కకి మాత్రం ఉత్త చేతులతో పోవడానికి మనసొప్పలేదు. బుర్రకి పంటితో కన్నం పెట్టి, వేరుశనక్కాయలు దట్టించి, దాన్ని పట్టుకుని దూకింది. నాలుగు బారలు పోకముందే బుర్ర బుడబుడమని నీళ్లు తాగి మునిగింది. నక్క ఎలాగో మళ్లీ దిబ్బెక్కి రెండు రోజులు వానలో ముడుచుకుని కూర్చుంది. తడిసిన మూటల్లో నూకలు పులిశాయి, కాయలు కుళ్లాయి, ఏవీ నోట పెట్టేలా లేవు.

మూడో రోజు వాగు తగ్గాక నక్క, డొక్కలు ఎండిపోయి, మేక పాక ముందుకొచ్చి నిలబడింది.

"కూర్చో మరిదీ," అంది మేక. పిల్ల తోకాడిస్తూ పాలు తాగుతోంది. దాని మూతికి నురగంటి ఉంది. నక్క కాసేపు అటే చూసింది.

"తిండి నీతోనే ఉందన్నది ఇదా ఒదినా?"

మేక మళ్లీ తల దించుకుంది. "పాక మీద ఇంకో బుర్ర ఎండింది. పోయేటప్పుడు తీసుకుపో."

"ఈసారి ఖాళీగానే ఉంచుతాలే," అంది నక్క చిన్నగా.

ఇల్లు చేరాలని కట్టుకునే మూట మనల్ని మోసేదై ఉండాలి గాని, మనం మోసేది కాకూడదు.