కదలని దివాను

కాలువ తవ్వినవాళ్ల చేలకే తొలి తడి పారాలన్నది ఆ సంస్థానంలో ఆచారం. ఆ తడి మీద కన్నేసిన దివాను, పట్నం చిత్రశాలలో కాలువ తవ్వకం ఫొటోల ప్రదర్శన పెట్టించి రాజావారిని పిలిచాడు. పెద్ద ఫొటోలో దివాను పార పట్టుకుని అద్దంలో బొమ్మలా ఉన్నాడు. వెనక కూలీలంతా పొగలా అలుక్కుపోయారు.

"చిత్తగించండి ప్రభూ! తవ్విందెవరో ఫొటోయే చెబుతోంది," అన్నాడు దివాను.

చూడవచ్చిన జనంలో ఉన్న కూలీ ఎల్లమంద ముందుకొచ్చాడు. నిదానంగా చేతులు జోడించాడు.

"నిజమే ప్రభూ, ఫొటోయే చెబుతోంది. కదిలితే అలుక్కుపోతారని ఫొటో తీసినాయన ఆ రోజే మొత్తుకున్నాడు. మమ్మల్నేమో పని ఆపొద్దన్నారు. దివానుగారొక్కరే కదలకుండా నిలబడ్డారు."

రాజావారు ఫొటోను మళ్లీ చూసి నవ్వారు. ఆ ఏడు తొలి తడి, ఫొటోలో ముఖాలు కనిపించనివాళ్ల చేలకే పారింది.