చీటీ లేని సీసా

హకీం ఖుర్షీద్ సాహెబు రేపు ఊరికి తిరిగి వస్తున్నాడని కబురు అందింది. అది విన్నప్పటి నుంచి శిష్యుడు జిలానీకి ఒకటే దిగులు. ఇల్లంతా తాబేలు మూత్రం కంపు. ఎంత కడిగినా పోవడం లేదు.

ఆదోనిలో కొండకు వెళ్ళే దారిలో ఉండేది సాహెబు ఇల్లు. బతుకు ఫకీరు బతుకు, పని వైద్యం. తెల్లవారేసరికి రోగుల ఇళ్ళ నుంచి మూత్రం సీసాలు వచ్చేవి. వాటి మెడకి పేరు రాసిన చీటీ కట్టి తూర్పు కిటికీలో వరసగా పెట్టేవారు. రంగు చూసి, నురగ చూసి, వాసన చూసి రోగం చెప్పడం ఆ ఇంటి విద్య. ఎనిమిదేళ్ళలో జిలానీ ఆ విద్యలో గురువుని మించాడని బజారులో అనుకునేవారు. ఆ మాటను అందరికంటే గట్టిగా నమ్మినవాడు జిలానీయే.

ఇక అతనికి కావలసింది ఒక్క ఇజాజత్. సొంతంగా వైద్యం చేసుకోవచ్చని గురువు రాసి ఇచ్చే కాగితం అది. అడిగితే సాహెబు, "దర్గాకి పోయి నలభై రోజులు ఉండి వస్తా. వచ్చాక చూద్దాం" అన్నాడు. బయలుదేరుతూ రెండు మాటలు చెప్పాడు.

"రోగుల్ని చూడు. బీబీని చూసుకో."

బీబీ అంటే పెరట్లోని మెట్ట తాబేలు. ఇరవై ఏళ్ళ కిందట నాగలి కర్రు తగిలి దాని డిప్ప పగిలితే ఒక రైతు గోతంలో వేసుకుని తెచ్చాడు. సాహెబు మైనం పెట్టి అతికాడు. అప్పటి నుంచి అది అక్కడే ఉండిపోయింది. రోజూ పొద్దున కాసేపు దాన్ని వెడల్పు పళ్ళెంలో, గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోబెట్టాలి. తరవాత నాలుగు ఆకులు వెయ్యాలి. దాని చాకిరీ అంతే.

రోగుల్ని చూడమన్నది జిలానీకి గౌరవంగా తోచింది. తాబేలుని చూసుకోమన్నది చిన్నతనంగా తోచింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. పెరటి జంతువుకి రోగం కూడా రాదనుకున్నాడు కాబోలు.

రోజూ ఆకులు ఎవడు కోసుకొస్తాడని తన కంచంలో మిగిలిన శనగలు, మాంసం ముక్కలు వేశాడు. అది ఆబగా తింది. తను పెట్టింది దానికి ఎంత ఇష్టమో చూడమని వచ్చినవాళ్ళకి చూపించాడు కూడా.

రెండో వారంలో ఒక పెద్దరైతు మందుకోసం వచ్చి, అరుగు మీద కూర్చోబోయి, కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏం జిలానీ సాబూ, రోగాలు కుదిర్చే ఇంట్లో ఈ కంపేంది?"

పక్కనున్న ఇద్దరు నవ్వారు.

అంతకుముందు ఇరవై ఏళ్ళలో ఆ పెరట్లో ఎవరూ ముక్కు మూసుకోలేదు. బీబీ పోసింది నీళ్ళలాగే ఉండేది, మధ్యలో కాస్త సున్నపు మరక. ఎండాక ఊడ్చేస్తే పోయేది. ఈ సంగతి జిలానీకి తెలుసు. ఇప్పుడు ఎందుకు మారిందని మాత్రం అతను ఆలోచించలేదు. నలుగురిలో నవ్వారన్నదే అతనికి గుచ్చుకుంది.

తాగేది తగ్గితే పోసేది తగ్గుతుందని లెక్క వేశాడు. ఆ రోజే నీళ్ళ పళ్ళెం బోర్లించాడు. నిజంగానే పోసేది తగ్గింది. కంపు మాత్రం గుర్రాల కొట్టంలోలాగా ముదిరి, దగ్గరికి పోతే కళ్ళు మండేవి. నేలంతా సున్నం చల్లాడు. పూటపూటా సాంబ్రాణి వేశాడు. అప్పటికీ పోకపోతే తాబేలుని కట్టెల మోపు వెనక వదిలి, బయటికి రాకుండా రాయి అడ్డం పెట్టాడు. అది ఎండాకాలం. ఆదోని ఎండలు ఎరిగినవాళ్ళకి చెప్పనక్కరలేదు.

సాహెబు చెప్పినదానికంటే ఒక పూట ముందే వచ్చాడు. అప్పుడు జిలానీ నమాజుకి వెళ్ళి ఉన్నాడు. గుమ్మంలో సాహెబుకి సాంబ్రాణి వాసన తగిలింది, దాని వెనకే ఇంకో వాసన. నేరుగా పెరట్లోకి పోయి రాయి జరిపాడు. బీబీ కళ్ళు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. చేతుల్లోకి ఎత్తితే భయంతో కాస్త మూత్రం వదిలింది. దాన్ని గిన్నెలో పట్టి, బీబీని తన గదిలోకి తీసుకుపోయి నీళ్ళలో పెట్టాడు. అది తల వంచి తాగలేదు.

జిలానీ వచ్చి గురువు చేతులు కళ్ళకి అద్దుకున్నాడు. సాహెబు ప్రయాణం సంగతులు చెప్పాడు. తాబేలు మాట ఎత్తలేదు. జిలానీ కూడా ఎత్తలేదు. ఇంట్లో కంపు తగ్గినట్టుందని మనసులో కుదుటపడ్డాడు.

మర్నాడు పొద్దున కిటికీలో ఆరు సీసాలు ఉన్నాయి. సాహెబు గోడకి ఆనుకుని కూర్చుని, "చూడు, వింటా" అన్నాడు.

ఇది పరీక్షేనని జిలానీకి అర్థమైంది. అయిదు సీసాలూ చకచకా చూశాడు. కామెర్లు ఒకరికి, మధుమేహం ఒకరికి, తక్కినవి చిన్నచిన్న జబ్బులు. సాహెబు అన్నిటికీ తల ఊపాడు.

ఆరో సీసాకి చీటీ లేదు.

"పేరు ఎందుకులే, రోగం చెప్పు" అన్నాడు సాహెబు.

జిలానీ మూత తీశాడు. వాసన చూశాడు. సీసాని వెలుతురుకి ఎత్తి, అడుగున దిగిన ఇసకలాంటి నలుసుని చూశాడు. మళ్ళీ వాసన చూశాడు.

"ఒంట్లో నీళ్ళు లేవు ఉస్తాద్. నిన్నా మొన్నా వచ్చింది కాదు, నెల రోజుల నుంచి దాహంతో ఉన్న ఒళ్ళు. తిండి కూడా ఆ ఒంటికి పడనిది పెడుతున్నారు. మూత్రపిండాలు పాడైపోయాయి."

"మందు?"

"నెల కిందటైతే నీళ్ళే మందు. ఇప్పుడు లేదు."

"ఎన్నాళ్ళు?"

"నాలుగు రోజులు."

సాహెబు కళ్ళు మూసుకున్నాడు. తను మెప్పించానని జిలానీ అనుకున్నాడు. ఊరుకుని ఉంటే బాగుండేది.

"నోరు తెరిచి అడగలేని రోగి అయ్యుంటాడు ఉస్తాద్. లేకపోతే ఇంత దాకా రాదు. చూసుకునే మనిషి పక్కనే ఉండి కూడా నీళ్ళు ఇవ్వలేదు. అట్లాంటి మనిషి చేతికి ఇంకెప్పుడూ రోగిని అప్పగించకూడదు."

"అవును" అన్నాడు సాహెబు.

"ఎవరిది ఇది?"

సాహెబు లేచి తన గది తలుపు తోశాడు. పళ్ళెంలో, నీళ్ళ మధ్య, బీబీ ఉంది.

జిలానీ చేతిలోని సీసాని చూశాడు. బీబీని చూశాడు. మళ్ళీ సీసాని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అదే వాసన. నెల రోజులుగా పెరట్లో, అరుగు మీద, తన బట్టల్లో ఉన్న వాసన.

"కంపు అనుకున్నాను ఉస్తాద్" అన్నాడు.

"సీసాలో పోసి ఇస్తేనే నీకు తెలుస్తుందా?"

జిలానీ సీసా కింద పెట్టి బీబీ పక్కన కూర్చున్నాడు.

ఆ మూడు రోజులూ అతను గది కదల్లేదు. నీళ్ళు చల్లారకుండా మారుస్తూ కూర్చున్నాడు. దూది తడిపి బీబీ మూతి మీద పిండాడు. ఎవరి తోటలోనో అడిగి లేత ఆకు తెచ్చి, సన్నగా తుంచి ముందు పెట్టాడు. ఇందులో పదో వంతు నెల కిందట చేసి ఉంటే ఇంత కథ లేదు. చెప్తుంటే నాకే ఒళ్ళు మండుతుంది. అది నోరు తెరవలేదు.

నాలుగో రోజు పొద్దున బీబీ చచ్చిపోయింది.

దానిమ్మ చెట్టు పక్కన జిలానీయే గుంత తవ్వాడు. మన్ను కప్పాక ఆ చేతులతోనే గురువు ముందు నిలబడ్డాడు.

"నాకు ఇజాజత్ ఇవ్వొద్దు ఉస్తాద్."

"ఇవ్వను" అన్నాడు సాహెబు.

అంతలో వాకిట్లో అలికిడి అయింది. దూరపు పల్లె నుంచి ఒకామె సీసా పట్టుకుని వచ్చింది.

"హకీం సామీ, మా మామ మంచం పట్టినాడు. లేచి కూర్చోలేడు. నెల దినాల్నుంచి మూత్రం భలే వాసనొస్తాంది. ఏం రోగమో చూసి చెప్పల్ల."

సాహెబు సీసా అందుకోలేదు.

"అతనికి ఇవ్వమ్మా. అతని మాట తప్పదు. మొన్న ఒక రోగిని నాలుగు రోజులన్నాడు. నాలుగో రోజు ఈ పొద్దున పోయింది."

సాహెబు మొహంలో ఎగతాళి లేదు. ఆ రోగి ఎవరో ఆమెకి తెలియదు. జిలానీని కింద నుంచి పై దాకా భయభక్తులతో చూసి, రెండు చేతులతో సీసా చాపింది.

"అంత గొప్పోడివా నాయనా. చూడు, నువ్వే చూడు."

జిలానీ సీసా తీసుకున్నాడు. మూత మీద చెయ్యి వేసి ఆగాడు.

"ఆయనకి తాగడానికి నీళ్ళు ఎవరిస్తారమ్మా?"

"నేనే."

"రోజుకి ఎన్ని సార్లు?"

ఆమె తడబడింది. చెంగు సర్దుకుంది.

"తక్కువే ఇస్తాండా సామీ. పక్క తడుపుతాడు గదా. కంపు పడలేక."

జిలానీ సీసాని తెరవకుండానే అరుగు మీద పెట్టాడు. గూట్లోంచి చెప్పులు తీసి వేసుకున్నాడు.

"ఎంత దూరమమ్మా మీ ఊరు?"