వీరవేణి తాగిన బోండాం

అనగా అనగా, కాలవకి అటు గట్టున కొబ్బరితోటల మధ్య ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో వీరవేణి అని ఒకావిడ. మొగుడు ఏడుకొండలు ఆటో తోలేవాడు. అత్తగారు బుల్లెమ్మ. ఏవే అమ్మలూ, ఊఁ కొడుతున్నావా? నువ్వు ఊఁ కొట్టకపోతే నేను పడుకుంటాను, నాకేం పోయింది.

వీరవేణికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. కిడ్నీలంటే నడుం వెనకాల ఉంటాయి, ఒక్కోటీ నా పిడికిలంత. మనం తాగిన నీళ్ళలో కావలసింది ఉంచుకుని, అక్కర్లేనిది ఉచ్చలో పంపేస్తాయి. నవ్వకు. అది ఆగిపోతే తెలుస్తుంది. ఆవిడకి ఆగిపోయింది మరి.

అప్పుడు వారానికి మూడుసార్లు ఏడుకొండలు ఆవిణ్ణి ఆటోలో ఆసుపత్రికి తీసికెళ్ళేవాడు. అక్కడ ఒక మిషను ఆవిడ రక్తం బయటికి లాగి, కడిగి, మళ్ళీ ఒంట్లోకి పంపేది. నాలుగేసి గంటలు. ఇంటికొచ్చాక రోజుకి మూడే మూడు చిన్న గ్లాసుల నీళ్ళు. ఎండాకాలమైనా అంతే. పాపం, నోరు పిడచకట్టుకుపోయి, గోళెంలో నీళ్ళ చప్పుడు వింటూ కూర్చునేది. ఇలా మూడేళ్ళు.

ఆ మధ్యలోనే పట్నంలో పెద్దాసుపత్రిలో ఆవిడ పేరు రాసుకున్నారు. ఎక్కడో ఎవరికో తలకి పెద్ద దెబ్బ తగిలి, ఇంక బతకరు అని తేలిపోతుందనుకో. అంత ఏడుపులోనూ వాళ్ళింట్లోవాళ్ళు మనసు గట్టి చేసుకుని, మా వాళ్ళ కిడ్నీలు ఎవరికైనా పెట్టండి అని ఇస్తారు. అప్పుడు వరసలో ఉన్నవాళ్ళకి ఫోనొస్తుంది. సుగుణకుమారి అని ఒక నర్సమ్మ ఉండేది, ఆవిడే చేసేది. ఏమీ తినకండి, వెంటనే బయల్దేరండి అని చెప్పేది.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఫోను మోగితే చాలు, ముగ్గురికీ గుండె గుభేలుమనేది. స్నానానిక్కూడా ఫోను దండెం మీద పెట్టుకుని వెళ్ళేవారు.

మొదటిసారి ఫోనొచ్చింది. పరుగెట్టారు. తీరా చూస్తే ఒక కిడ్నీకి ఇద్దర్ని పిలుస్తారట, ఒకళ్ళకి కుదరకపోతే రెండోవాళ్ళకి పెడదామని. వీరవేణి రెండోది. మొదటివాళ్ళకి కుదిరిపోయింది. సాయంత్రందాకా బల్ల మీద కూర్చుని, లేచి ఇంటికొచ్చేశారు.

రెండోసారి ఫోనొచ్చింది. ఆ వేళకి వీరవేణికి నూట రెండు జ్వరం. జ్వరంలో కోయకూడదన్నారు. ఆ రోజు ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

మూడోసారి ఫోను పొద్దున్న ఎనిమిదింటికొచ్చింది. ఈసారి మీరే మొదటివాళ్ళు అంది సుగుణకుమారి. ఇంక చూడు, బుల్లెమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏడుకొండలు పక్కింటివాళ్ళ కారు తేవడానికి పరిగెత్తాడు. వీరవేణి గుమ్మంలో కూర్చుంది. పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి.

ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. జ్వరమొచ్చినా కొబ్బరి బోండామే, పురుడొచ్చినా బోండామే. ఎవరికైనా ఒంట్లో బాలేదంటే తలో రెండు బోండాలు పట్టుకుని చూడ్డానికి వెళ్తారు. కిడ్నీలు చెడిపోయినవాళ్ళకి మాత్రం అది విషంతో సమానం. దాన్లో ఒక రకం ఉప్పుంటుంది, పొటాషియం అంటారు. దాన్ని బయటికి పంపే దారి లేకపోతే అది గుండె మీదకి వస్తుంది. సుగుణకుమారి ఈ సంగతి వందసార్లు చెప్పింది. బుల్లెమ్మ విన్నదేగానీ చెవిన వేసుకోలేదు. చెట్టుకి కాసిన నీళ్ళు మనిషినేం చేస్తాయి అనే ఆవిడ ధోరణి.

అప్పుడు ఆ మహాతల్లి ఏం చేసిందీ, తినొద్దన్నారుగానీ తాగొద్దన్నారా, పిల్ల అంతదూరం ఎండిపోయిన నోటితో వెళ్ళాలా అని, రెండు బోండాలు కొట్టించి తెచ్చి చేతిలో పెట్టింది. వీరవేణికి తెలుసు తాగకూడదని. తెలిసీ తాగింది! మూడేళ్ళ దాహం కదే. ఇవాళ కొత్త కిడ్నీ వచ్చేస్తోంది కదా, ఇంకేం భయం అనుకుంది. రెండూ గడగడా తాగేసి, మూతి తుడుచుకుని కారెక్కింది. ఏడుకొండలికి చెప్పలేదు.

దారిలో సగం దూరం వెళ్ళేసరికి వేళ్ళు మొద్దుబారాయి. ఆ తర్వాత కాళ్ళు బరువెక్కాయి. ఆ తర్వాత గుండె ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టు అనిపించింది. అత్త మొహం కోడలు చూసింది, కోడలి మొహం అత్త చూసింది.

ఆసుపత్రిలో రక్తం తీసుకున్నారు. కాసేపటికి డాక్టరుగారు గబగబా వచ్చారు. పొటాషియం చాలా ఎక్కువుంది, ఈ స్థితిలో మత్తిస్తే గుండె ఆగిపోతుంది, ఏం తిన్నావమ్మా అని అడిగారు. వీరవేణి తల దించుకుంది. ఏడుకొండలు అక్కడే ఉన్నాడు. చెబితే కొడుకు జన్మలో మొహం చూడడేమోనని బుల్లెమ్మకి భయం. చెప్పకపోతే పిల్ల ప్రాణం.

"నేనే బాబూ," అంది. "బోండాలు నేనే పట్టాను. రెండు."

ఏడుకొండలు ఒక్క మాటా అనలేదు. అంటే బావుణ్ణనిపించింది బుల్లెమ్మకి. డాక్టరుగారు మాత్రం, కారణం తెలిసింది కాబట్టి సరిపోయింది, మిషను పెట్టి ఆ ఉప్పు తీసేద్దాం, కిడ్నీ ఐసు పెట్టెలో ఉంది, ఐదింటికి మళ్ళీ రక్తం చూస్తాం అన్నారు. తగ్గితే సరి, తగ్గకపోతే రెండో ఆయనకి పెట్టేస్తాం అని చెప్పి వెళ్ళిపోయారు. అప్పటికి ఒంటిగంట.

ఆ రెండో ఆయన బయట బల్ల మీద కూర్చున్నాడు. సముద్రపొడ్డున వలలు బాగుచేసుకునే మనిషి. మొహం ఉబ్బి ఉంది, పక్కన కూతురు, ఒళ్ళో మూత తియ్యని అన్నం గిన్నె. ఇంకెక్కడా చోటు లేక బుల్లెమ్మ ఆయన పక్కనే కూర్చోవలసొచ్చింది.

నాలుగు గంటలమ్మా! బుల్లెమ్మ కళ్ళు మూసుకుని, స్వామీ మా కోడలికి తగ్గించు అని మొక్కుకునేది. వెంటనే కళ్ళు తెరిస్తే పక్కన ఆయన. తగ్గించు అంటే ఆయనకి వద్దనడమేగా? మళ్ళీ కళ్ళు మూసుకునేది, మళ్ళీ తెరిచేది. రెండింటికి అడిగితే ఇంకా తెలీదన్నారు. మూడింటికీ అదే మాట. నాలుగింటికి ఆయన కూతురు గిన్నె మూత మీద వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చుంది. బుల్లెమ్మ ఆయనతో ఒక్క ముక్క మాట్లాడలేకపోయింది.

ఐదున్నరకి సుగుణకుమారి వచ్చింది. తగ్గింది, లోపలికి తీసికెళ్తున్నాం అని ఏడుకొండలికి చెప్పింది. తర్వాత ఆ రెండో ఆయన దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. ఆయనకి అర్థమైపోయింది. కూతురు గిన్నె మూత తీసింది. ఆయన ముద్ద కలుపుకుంటూ, బుల్లెమ్మ ఏడవడం చూశాడు.

"వెళ్ళండమ్మా, మీ పిల్ల దగ్గరికెళ్ళండి," అన్నాడు. "నా పేరు రాసే ఉందిలెండి."

వీరవేణికి కొత్త కిడ్నీ పొత్తికడుపులో కుడివైపున పెట్టారు. ఒకరోజు చూశారు, ఉచ్చ రాలేదు. రెండోరోజూ రాలేదు. బుల్లెమ్మ అన్నం ముట్టలేదు. మూడోరోజు గొట్టంలో చుక్క పడింది. ఆ తర్వాత ధార కట్టింది. ఏడుకొండలు గొట్టం చివర నిండుతున్న సంచీ చూసి భోరుమన్నాడు. అప్పుడొచ్చి అమ్మ పక్కన కూర్చుని, తిన్నావా అని అడిగాడు. ఊఁ, ఇప్పుడు నవ్వుకో, పరవాలేదు.

ఆర్నెల్లు పోయాక వీరవేణి తేరుకుంది. అప్పుడు బుల్లెమ్మ కోడల్ని తీసుకుని గుడికెళ్ళి, రెండు అర్చనలు చేయించాలంది. గోత్రాలూ పేర్లూ చెప్పమన్నారు పూజారిగారు. కిడ్నీ ఇచ్చినవాళ్ళెవరో ఆసుపత్రిలో చెప్పరు, అది వాళ్ళ నియమం. ఆ రెండో ఆయన పేరా, పక్కనే నాలుగు గంటలు కూర్చుని కూడా ఆవిడ అడగలేదు.

"పేర్లు తెలీవండీ," అంది బుల్లెమ్మ. "ఒకళ్ళు మా కోడలి కడుపులో ఉన్నారు. ఇంకొకళ్ళు ఇంకా ఆ బల్ల మీదే కూర్చునున్నారు. ఇద్దరికీ చెయ్యండి."

పూజారిగారు అలాగే చేశారు.

ఆయనకి ఫోనొచ్చిందా అంటావా? నాకు తెలీదమ్మలూ. బుల్లెమ్మకీ తెలీదు. వచ్చుంటే బావుణ్ణు. రా, ఇటు తిరుగు.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
నువ్వేమో నా పక్కకి,
ఫోనేమో ఆయనింటికి.